కాన్‌ఫ్రాంక్‌కి రైల్లోనే వెళ్లు

అమ్మలూ,

స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దున పిరనీస్ కొండల్లో ఉన్న కాన్‌ఫ్రాంక్ రైల్వే స్టేషన్ చూడబోతున్నానని రాశావు. చాలా సంతోషమేసింది. నా మాట ఒక్కటి విను, అక్కడికి రైల్లోనే వెళ్లు. మొదటిసారి నేను బస్సులో వెళ్లి, గంటసేపు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఇన్నేళ్లు రైల్వేలో పనిచేసి కూడా, అంత చిన్న లోయలో అంత పెద్ద స్టేషన్ ఎందుకు కట్టారో ఆలోచించలేదు. ఆ వెలితి తీరక మళ్లీ వెళ్లాను.

స్పెయిన్ వైపు నుంచి, జరాగోజాలో ఎక్కు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. రోజుకి రైళ్లు చాలా తక్కువ కాబట్టి తిరుగు రైలు టైమ్ ముందే చూసి పెట్టుకో. లైన్ మీద పనులు జరుగుతుంటే కొంత దూరం బస్సులో తీసుకెళ్తారు, దానికి టెన్షన్ పడకు. హాకా ఊరు దాటాక మాత్రం ఫోను బ్యాగులో పెట్టెయ్. సెనార్బే దగ్గర 28 కమానుల వంతెన మీద బండి వంపు తిరుగుతుంది.

దిగాక నేరుగా హోటల్ వైపు పరుగెత్తకు. అవును, పాత భవనం 2023 నుంచి హోటలే. ముందు దాని పొడవు వెంట నడువు, 241 మీటర్లు. స్పెయిన్ పట్టాల మధ్య వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌వి 1,435. ఒక దేశం బండి రెండో దేశంలోకి పోలేదు. అందుకే అప్పట్లో ప్రయాణికులంతా ఇక్కడ దిగి, సామాను తనిఖీ చేయించుకుని, భవనానికి రెండో పక్కనున్న బండి ఎక్కాల్సి వచ్చేది. రెండు దేశాల కస్టమ్స్ వాళ్లూ ఒకే కప్పు కింద పనిచేశారు. ఇది తెలిసి చూస్తే ఆ గోడలు వేరేగా కనిపిస్తాయి.

లోపల చూడాలంటే గైడ్‌తో టూర్ ఉంటుంది, ముందే బుక్ చేసుకో. అక్కడ ఆల్బెర్ట్ లె లే గురించి అడుగు. ఫ్రెంచ్ కస్టమ్స్ అధికారిగా ఉంటూ, యుద్ధకాలంలో నాజీల కళ్లుగప్పి ఎందరో యూదులను స్పెయిన్‌లోకి దాటించాడు. ఆయన కథ వినకుండా మాత్రం రావద్దు.

ఆ తర్వాత, రైళ్లు ఫ్రాన్స్‌లోకి వెళ్లిన సొంపోర్ట్ సొరంగం ముఖద్వారం దాకా వెళ్లు. 1928లో మొదలైన ఈ అంతర్జాతీయ లైను 1970 మార్చి 27న ఆగిపోయింది. ఫ్రాన్స్ వైపు ఒక గూడ్సు బండి అదుపు తప్పి వెనక్కి జారి, లెస్తాంగే వంతెనను కూల్చేసింది. ఎవరూ చనిపోలేదు, కానీ వంతెనను తిరిగి కట్టలేదు. నా మనసుకి ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఫ్రాన్స్‌లోకి దాటాలనుకుంటే బస్సులో బెదూ అనే ఊరికి వెళ్లి, అక్కడ ‘పో’ (Pau) నగరానికి వెళ్లే రైలెక్కు. సరిహద్దులో ఆపితే చూపించడానికి పాస్‌పోర్ట్ చేతికందేలా పెట్టుకో. ఊరు దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, ఎండాకాలమైనా స్వెటర్ మరిచిపోకు.

ఏ తారీఖున వెళ్తున్నావో రాయి.

నీ పెదనాన్న