తిరుగు కవరు అక్కర్లేని రాతలు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన మూడు కథలూ చేరాయి. కథల గురించి విడిగా రాస్తాను. ముందుగా నువ్వు ఉత్తరం చివర మొహమాటపడుతూ అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. "మీరంతా ఒకప్పుడు బ్లాగులు రాసేవారట కదా బాబాయిగారూ, అందులో ఏముందని అంతమంది అటు వెళ్లారు, ఇప్పుడు నేను మొదలుపెడితే ఎవరైనా చదువుతారా" అన్నావు. రెండో సగానికి జవాబు తేలేలోపు మొదటి సగం గురించి కొంచెం ఎక్కువే చెప్పాల్సి వస్తుంది, ఓపిక పట్టు.

బ్లాగు అంటే తేదీలవారీగా పేర్చుకుంటూ పోయే వెబ్ పేజీ. కొత్తగా రాసింది పైన ఉంటుంది, పాతది కిందికి జరుగుతుంది, ప్రతి రాతకూ మారని చిరునామా ఒకటి ఉంటుంది, చదివినవాళ్లు అక్కడే తమ మాట రాసి వెళ్లవచ్చు. 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ అనే అమెరికన్, వెబ్‌లో తనకు నచ్చిన పేజీల లంకెలను రోజూ నమోదు చేసుకునే తన పేజీకి 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టుకున్నాడు. లాగ్ అంటే ఓడలో ప్రయాణ వివరాలు ఏరోజుకారోజు రాసే పుస్తకం. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనే ఆయన ఆ మాటను సరదాకి మరోచోట విరిచి 'వీ బ్లాగ్', అంటే 'మేం బ్లాగుతాం', అన్నాడు, ఆ విరుపులోంచి రాలిన ముక్కే ఇవాళ్టి బ్లాగు. అదే ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ బ్లాగర్ అనే సేవను తెరిచింది. అంతకుముందు వెబ్‌లో సొంత పేజీ కావాలంటే పేజీలు రాసే సంకేత భాష హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవాలి, సర్వర్‌లో చోటు సంపాదించాలి, మార్చిన ప్రతిసారీ ఫైలును అక్కడికి ఎక్కించాలి. ఆ సేవ వచ్చాక ఒక పెట్టెలో రాసి ఒక బొత్తాం నొక్కితే సరిపోయేది. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొన్నది, ఆ మే నెలలోనే బ్లాగులు నడిపే మరో సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వచ్చింది, 2004కల్లా మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు తన 'ఈ ఏటి మాట'గా బ్లాగునే ప్రకటించింది. ఆ ఏడాది మిగతా మాటలన్నిటికన్నా ఎక్కువమంది అర్థం వెతికింది దీనికే అన్నమాట.

సులువు, ఉచితం అనే రెండు కారణాలూ అందరూ చెబుతారు, అవి నిజమే. కానీ ఉచితంగా దొరికే వస్తువులన్నిటి కోసం జనం రాత్రి రెండింటి దాకా మేలుకోరు. నా మట్టుకు నాకు దాని ఆకర్షణ ఎక్కడుందో చెప్పాలంటే, అంతకుముందు ఇరవై ఏళ్లు నేను చేసిన పని నీకు తెలియాలి. కాగితానికి ఒకవైపే, మార్జిన్ వదిలి, గుండ్రటి అక్షరాలతో కథను సాపు రాసేవాణ్ణి. దానితోపాటు నా చిరునామా రాసి, స్టాంపులు అంటించిన తిరుగు కవరు ఒకటి పెట్టేవాణ్ణి. ఆ కవరు వెనక్కి వస్తే కథ పోయినట్టు, రాకపోతే ఏమైనట్టో తెలియనట్టు. ఒక కథ పద్నాలుగు నెలల తర్వాత అచ్చయింది, అప్పటికి అందులో ఏం రాశానో నేనే మరిచిపోయాను. చదివినవాళ్లు ఏమనుకున్నారో తెలిసే దారి, రెండు వారాల తర్వాత ఉత్తరాల శీర్షికలో వచ్చే మూడు వాక్యాలే. 2007లో, ఒక శిష్యుడు పోరు పెడితే, బ్లాగు తెరిచి ఒక పేజీ రాసి పెట్టాను. గంట తిరగకముందే డల్లాస్ నుంచి ఎవరో, నా రెండో పేరాలోని ఒక వాక్యాన్ని పట్టుకుని, అది తమ అమ్మమ్మ మాటలా ఉందని రాశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలుగువాళ్ల విషయంలో దీనికి మరో కారణం కూడా తోడైంది, అది నీ వయసువాళ్లకు ఊహకు కూడా అందదు. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లలో తలా ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ తొలి ప్రమాణంలోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కినా, చాలాకాలం మన వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారివే అన్నట్టు నడిచాయి. ఒక పత్రిక సైటులోని వాక్యాన్ని తీసుకొచ్చి వేరేచోట అతికిస్తే పిచ్చిగీతలు కనిపించేవి, వెతుకుదామంటే ఏ యంత్రానికీ ఆ అక్షరాలు తెలుగని తెలియదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే ఫాంటు వచ్చింది గానీ, సీడీ పెట్టి ఒక అమరిక చేసుకుంటే తప్ప ఒత్తులు అక్షరాల పక్కన విడిపోయి నిలబడేవి. కీబోర్డు మీద తెలుగు రానివాళ్ల కోసం లేఖిని అనే వెబ్ పేజీ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంటే పక్కనే తెలుగులోకి మారిపోయేది, చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. ఆఫీసులో కంప్యూటరు ముందు రోజంతా ఇంగ్లీషులో బతికే హైదరాబాదు, బెంగళూరు, అమెరికా కుర్రాళ్లు, ఆడపిల్లలు బడి వదిలాక మొదటిసారి తమ మాట తమ లిపిలో తెర మీద చూసుకున్నది అప్పుడే. వాళ్లలో చాలామందికి రచయితలం కావాలన్న కోరికే లేదు. ఊరి చెరువు గురించి, హాస్టలు మెస్సు గురించి, అత్తగారి గోంగూర గురించి రాశారు. తెలుగు పేజీలకు గూగుల్ ప్రకటనలు అధికారికంగా 2018లో గానీ అందుబాటులోకి రాలేదు కనుక, డబ్బు ఆశతో రాసినవాళ్లు దాదాపు లేరు. వాళ్ల వచనంలో నాకు నచ్చిన హాయికి అది కూడా ఒక కారణమని నా అనుమానం.

అప్పుడు ఒక్కొక్కరి పేజీకీ వెళ్లి కొత్తది వచ్చిందా అని చూసుకునే అవసరం లేకుండా, ఆరెస్సెస్ అనే ఏర్పాటు ఉండేది. రాజకీయం జోలికి పోకు, ఇది వేరే ఆరెస్సెస్. బ్లాగు తనలో కొత్తగా చేరినదాన్ని యంత్రానికి అర్థమయ్యే జాబితాగా బయటపెడుతుంది, ఆ జాబితాలన్నిటినీ ఒకచోట చేర్చి చూపించే సైట్లను మేం సంకలినులు అనేవాళ్లం. కూడలి అలాంటిది. పొద్దున్నే కూడలి తెరిస్తే రాత్రి ఎవరెవరు ఏం రాశారో వరసగా కనిపించేది. పేరున్న రచయిత రాసిందీ, నిన్న మొదలుపెట్టిన పిల్లవాడు రాసిందీ ఒకే కొలత అక్షరాల్లో, వచ్చిన సమయాన్ని బట్టి, పైనా కిందా పడేవి. ఒక్కో రాతను టపా, అంటే తపాలా, అనేవాళ్లం. తిరుగు కవర్లతో విసిగిన నాకు ఆ పేరు విని నవ్వు వచ్చింది.

ఇక నీ పనికొచ్చే సంగతులకు వస్తాను. 2008లో నేను అనకాపల్లి దగ్గర మా మేనమామ ఊళ్లో చూసిన బెల్లం వంట గురించి ఒక టపా రాశాను. చెరకు రసం పెద్ద పెనంలో మరగడం, పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోయడం, పాకం వచ్చిందో లేదో నీళ్లలో వేసి చూడడం, అన్నీ బాగానే రాశాను గానీ, రసంలో సున్నం వేసేది రంగు కోసమని రాసేశాను. మర్నాడు ఒక అజ్ఞాత, పేరు చెప్పకుండా వ్యాఖ్య రాసేవాళ్లను అలా పిలిచేవాళ్లం, "అయ్యా, సున్నం వేసేది మడ్డి విరిగి పైకి తేలడానికి, తేలిన మడ్డిని తీసేస్తే రంగు దానంతటదే వస్తుంది" అని రాశాడు. నాకు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. పత్రికలో అయితే ఆ తప్పు ఉప సంపాదకుడి చేతిలో ఆగేదేమో, లేదా అచ్చయి అలాగే ఉండిపోయేదేమో. నేను చేసిన ఒక్క మంచి పని, తప్పు వాక్యాన్ని మాయం చేయకుండా, దాని కింద సవరణనూ తేదీనూ చేర్చడం. నువ్వూ అలాగే చెయ్యి. చడీచప్పుడూ లేకుండా దిద్దేస్తే, కింద వ్యాఖ్య రాసినవాడు వెర్రివాడిలా కనిపిస్తాడు.

వడపోసేవాడు లేడన్న సంబరంలో మేం గమనించనిది ఏమిటంటే, ఆ సంపాదకుడి పని ఎక్కడికీ పోలేదు, మా నెత్తినే పడింది. రాసిన వేడిలోనే బొత్తాం నొక్కినవాటిలో సగం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడతాయి. ఒక తోటి బ్లాగరు మీద కోపంతో అర్ధరాత్రి రాసిన టపాను తెల్లారేసరికి తీసేశాను గానీ, అప్పటికే సంకలినుల్లోనూ నలుగురి ఈమెయిళ్లలోనూ అది చేరిపోయింది. అప్పటి నుంచి ఎంత చిన్న రాతనైనా ఒక రాత్రి చిత్తుప్రతుల్లో ఉంచి, పొద్దున్నే గొంతెత్తి చదువుకున్నాకే పెడుతున్నాను. మూడు కథల్లోనూ నువ్వు ళ రావలసిన చోట ల వాడిన సందర్భాలు పదకొండు ఉన్నాయి, కాబట్టి ఈ అలవాటు నాకంటే నీకే ఎక్కువ అవసరం.

కథలను మాత్రం తొందరపడి బ్లాగులో పెట్టకు. మన పత్రికలు చాలావరకు కథతోపాటు హామీపత్రం అడుగుతాయి, ఇది ఇంతకుముందు అచ్చులో గానీ అంతర్జాలంలో గానీ రాలేదని అందులో సంతకం చేయాలి. బ్లాగులో పెట్టిన కథకు ఆ దారి మూసుకుపోతుంది. బ్లాగుకు వేరే రాతలు ఉంచుకో. నీ ఉత్తరంలో మీ నాన్న పాత రేడియోను విప్పి మళ్లీ బిగించిన వైనం రాశావు చూడు, ఆ ముప్పై పంక్తులూ నీ మూడు కథల కన్నా బాగున్నాయి. ఆ బాణీలో రాయి. రంగుల బొమ్మ మీద వాక్యాలు చెక్కి పెట్టే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది, బొమ్మలోని అక్షరాలు వెతికేవాళ్లకు సులువుగా దొరకవు, అలా వద్దు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇల్లు మనదే అనిపించినా స్థలం ఇంకొకరిది. 2006 జూలైలో ప్రభుత్వం కొన్ని పేజీలను ఆపమంటే, మన దేశంలోని ఇంటర్నెట్ సంస్థలు కొన్ని బ్లాగర్ సేవలోని పేజీలు ఉండే బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నీ ఏకంగా ఆపేశాయి. ఏ తప్పూ లేనివాళ్లు కూడా కొన్ని రోజులపాటు తమ పేజీ తామే చూసుకోలేకపోయారు. నా రెండో బ్లాగును ఒక చిన్న ఉచిత సేవలో పెట్టాను, ఆ సేవ మూతపడినప్పుడు నా దగ్గర నకలు లేక నలభై టపాలూ, వాటి కింది మాటలూ పోయాయి. బ్లాగు మొత్తాన్ని ఫైలుగా దించుకునే వీలు ఉంటుంది, నెలకొకసారి దాన్ని వాడుకో.

చదువుతారా అన్నావు. మా రోజుల్లో వచ్చినంతమంది మొదట్లో రారు. ఆరెస్సెస్ జాబితాలను ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడే నాటికే కబుర్లన్నీ ఫేస్‌బుక్కుకు తరలిపోయాయి, తర్వాత ఫోన్లూ వీడియోలూ వచ్చాయి, సంకలినులు ఒక్కొక్కటీ వెలవెలబోయాయి. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, కబుర్లకు అదే సుఖం. అయితే ఫేస్‌బుక్కులో నేను మొన్న దీపావళికి రాసింది నాకే దొరకడం లేదు. బెల్లం వంట టపా కింద మాత్రం, రాసిన పదమూడేళ్లకు, చోడవరం వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చి, పెనం దింపేటప్పుడు మీ మామ ఎంతమందిని పిలిచేవారు, మా తాత ఆరుగురిని పిలిచేవాడట అని అడిగాడు. వెతుకుతుంటే దొరికిందట. నలుగురేనని జవాబు రాశాను.

రేడియో సంగతి ఒక రాత్రి నిలవుంచి పెట్టు, పెట్టాక లంకె పంపు. ళలూ లలూ ఉంటే వ్యాఖ్యల్లో అందరి ముందూ దిద్దను, ఈమెయిల్లో చెబుతాను. మీ నాన్నను అడిగానని చెప్పు.

మీ బాబాయి