భీమవరం ఫ్లాట్‌లో పగ్‌ని పెంచొచ్చా?

భీమవరంలో రెండు గదుల ఫ్లాట్, ఇంట్లో చిన్నపిల్లలు, పగ్ జాతి కుక్క సరిపోతుందా అని అడిగారు. పిల్లల విషయంలో బెంగ అక్కర్లేదు. మా పాప చెవులు పట్టుకుని లాగినా మా పగ్ బుజ్జిగాడు కిమ్మనడు. ఫ్లాట్ చిన్నదైనా పర్లేదు. మీరు అడగాల్సింది మన ఉక్కపోత గురించి.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పితేనే ఒంట్లో వేడి పోతుంది. పగ్‌కేమో మూతి లోపలికి నొక్కుకుపోయి గాలి దారి ఇరుకైపోయింది. దానికి తోడు డెల్టా గాలిలో తేమ. ఎంత రొప్పినా నాలుక మీద తడి ఆరదు, వేడి దిగదు.

రోహిణి కార్తెలో అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళాం. భోజనాల వేళ కరెంటు పోయింది. కొబ్బరాకు కూడా కదలడం లేదు. వసారాలో పడుకున్న బుజ్జిగాడి రొప్పు ఉన్నట్టుండి గరగరమంది. చూస్తే నోటినిండా చిక్కటి చొంగ, నాలుక నేరేడుపండు రంగు. లేపితే వెనక కాళ్ళు నిలబడలేదు. మామయ్యగారు కారు తియ్యమన్నారు. ముందు తడపాలని నేను పట్టుబట్టాను. నూతి దగ్గరికి ఎత్తుకెళ్ళి, తోడిన నీళ్ళు తోడినట్టే పోశాం. అత్తయ్యగారు తాటాకు విసనకర్రతో ఆపకుండా విసిరారు. ఊపిరి కాస్త తేలికయ్యాకే ఏసీ వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. అంత తడిపినా జ్వరం 104 చూపించింది. కుక్కకి 102 దాకా మామూలే. సెలైన్ పెట్టాక కోలుకున్నాడు.

అందుకే ఎవరైనా పగ్ గురక ముద్దుగా ఉందంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది గాలి అందని చప్పుడు! 2003లో హచ్ అనే మొబైల్ కంపెనీ పగ్‌తో తీసిన యాడ్ వచ్చాక అందరికీ ఆ మొహమే కావాలి. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు తలలో మూడో వంతైనా లేని కుక్కల్ని ఈనించకూడదని 2019 నుంచి నిబంధన పెట్టారు. మన దగ్గర మూతి ఎంత చప్పిడైతే అంత రేటు. పైగా వచ్చిన చుట్టమల్లా కాజా ముక్క పెట్టేవాళ్ళే. పగ్ ఎనిమిది కిలోలు దాటితే ఆయాసం ఇంకా పెరుగుతుంది, వద్దన్నా వినరు.

తీసుకోవాలనే ఉంటే ముక్కు రంధ్రాలు విశాలంగా ఉన్న పిల్లని చూసుకోండి. తల్లి ఊపిరి కూడా దగ్గర కూర్చుని వినండి. మెడపట్టీ వద్దు, ఛాతీకి వేసే బెల్టు కొనండి. వేసవిలో నడక తెల్లవారకముందే అయిపోవాలి. పగలంతా తాళం వేసుకుని ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళయితే మాత్రం పగ్ వద్దండి. మీ వీధిలోనే ఒక ఊరకుక్క పిల్లని తెచ్చుకోండి, ఈ ఉక్కలో పుట్టి పెరిగిన జాతి అది.