వర్చువల్ లోకంలో దుకాణం తెరవాలా?

ప్రశ్న: మాది ఫర్నిచర్ వ్యాపారం. కంప్యూటర్‌లో కట్టిన వర్చువల్ లోకంలో షోరూమ్ పెడితే ఎక్కడెక్కడివాళ్లో వచ్చి తిరిగి చూసి కొంటారని ఒక సంస్థవాళ్లు వెంటపడుతున్నారు. మా అబ్బాయి పెడదామంటున్నాడు. నాకేమో ధైర్యం చాలడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం సబబైనదే. ముందు ఆ సంస్థవాళ్లను ఒక్కటే అడగండి: "మా షోరూమ్ ముందు నుంచి రోజూ ఎంతమంది వెళ్తారు? వాళ్లు అసలు ఏ పనిమీద అక్కడికి వస్తారు?" దీనికి సూటిగా జవాబు రాకపోతే డబ్బు బయటికి తీయకండి.

ఇది నిన్నామొన్నటి ఆలోచన కాదండీ. 2003లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికా కంపెనీ 'సెకండ్ లైఫ్' అనే లోకాన్ని తెరిచింది. కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్ అక్కర్లేదు, కంప్యూటర్ తెర చాలు. మనిషికో అవతార్ (తన తరఫున అక్కడ తిరిగే బొమ్మ), చెల్లింపులకు లిండెన్ డాలర్లు. 2006 వచ్చేసరికి పెద్ద పెద్ద సంస్థలు అక్కడ బోర్డులు కట్టాయి. అమెరికన్ అపారెల్ బట్టల దుకాణం పెట్టింది. రాయిటర్స్ వార్తా సంస్థ ఏకంగా ఒక విలేకరిని వేసి బ్యూరో తెరిచింది. అమెరికన్ అపారెల్ మరుసటి ఏడాదే తలుపులు మూసేసింది, రాయిటర్స్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. అక్కడికొచ్చేవాళ్లు కబుర్లకో, తమ చేత్తో ఏదైనా కట్టుకోవడానికో వచ్చేవాళ్లు. బయట దొరికే చొక్కాను మళ్లీ అక్కడ చూడాల్సిన అవసరం వాళ్లకేముంది?

అదే 2006లో, అదే లోకంలో, స్టార్‌వుడ్ హోటళ్ల కంపెనీ ఇంకో పని చేసింది. 'అలాఫ్ట్' అనే కొత్తరకం హోటల్ ఆలోచనలో ఉంది. ఇటుక పేర్చకముందే దాని నమూనాను సెకండ్ లైఫ్‌లో కట్టి, జనాన్ని తిరగనిచ్చి, ఏది బాగుంది ఏది బాగాలేదు అని వాళ్ల చేత చెప్పించుకుంది. అసలు హోటళ్లు 2008లో తెరుచుకున్నాయి. ఈ రెండో పనే నాకు నచ్చుతుంది. గోడ కట్టాక మార్చాలంటే ఎంతవుతుందో, కట్టకముందు మార్చడానికి ఎంతవుతుందో వ్యాపారస్తులు మీకు నేను చెప్పాలా?

ఇక మీ సరుకు సంగతి. ఫర్నిచర్‌లో ఫొటో చెప్పలేనిది కొలత. ఈ సోఫా మా హాల్లో పడుతుందా, తలుపు తెరిస్తే తగులుతుందా, మంచం కింద పెట్టె దూరుతుందా. కొనేవాళ్ల మనసులో ఉండే సందేహాలు ఇవే. 2017లో ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీ ఒక ఫోన్ యాప్ తెచ్చింది. ఫోన్ కెమెరాను గది వైపు తిప్పితే కుర్చీ అసలు సైజులో అక్కడే వేసినట్టు కనిపిస్తుంది. కొనేవాళ్లు ఏ లోకానికీ వెళ్లనక్కర్లేదు, సరుకే వాళ్ల గదిలోకి వస్తుంది. మీరు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచి.

మీ అబ్బాయి ఉత్సాహాన్ని చల్లార్చకండి. బాగా అమ్ముడయ్యే కొన్ని వస్తువులు ఎంచుకుని, మిల్లీమీటర్‌తో సహా కొలిచి, త్రీడీ మోడల్స్ చేయించమనండి. ఎవరిచేత చేయించినా ఒప్పందంలో ఒక మాట రాయించుకోండి: జీఎల్‌బీ, యూఎస్‌డీజెడ్ ఫార్మాట్లలో ఫైళ్లు మీ చేతికి ఇవ్వాలి, హక్కులు మీవే అవ్వాలి. మొదటిది ఆండ్రాయిడ్ ఫోన్లకు, వెబ్‌సైట్లకు. రెండోది ఆపిల్ ఫోన్లకు. రేపు ఏ ప్లాట్‌ఫామ్ మూతపడ్డా మోడల్స్ మీ దగ్గరే ఉంటాయి. హెడ్‌సెట్ షోరూమ్ పెట్టాలని ఎప్పుడైనా అనిపిస్తే అవే పనికొస్తాయి.

ప్రశ్న: ఫేస్‌బుక్ కంపెనీ ఏకంగా పేరే మార్చుకుని, ఇక అందరూ కలిసేది మెటావర్స్ అనే వర్చువల్ లోకంలోనే అంది. కోట్ల డాలర్లు పోయాయంటున్నారు. ఇక ఈ రంగం పని అయిపోయినట్టేనా?

జవాబు: పోయిన మాట నిజం. 2021 అక్టోబర్‌లో కంపెనీ పేరు మెటాగా మారింది. ఈ పనులు చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగానికి 2022లో సుమారు 1,370 కోట్ల డాలర్లు, 2023లో సుమారు 1,610 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం వచ్చింది. అందరినీ రోజంతా అక్కడే ఉంచాలనుకున్న కంపెనీ లెక్క అది. బీఎండబ్ల్యూ మాత్రం హంగరీలోని డెబ్రెట్సెన్ కార్ల ఫ్యాక్టరీని ఉత్పత్తి మొదలవడానికి చాలా ముందే ఎన్విడియా కంపెనీవాళ్ల ఆమ్నివర్స్ అనే కంప్యూటర్ లోకంలో నిలబెట్టి, రోబో ఎక్కడుండాలి, మనిషికి దారి ఎంత వదలాలి అని చూసుకుంది. అక్కడ జనం గుమిగూడనక్కర్లేదు. ఆ నలుగురు ఇంజనీర్లకు పని జరిగితే చాలు.

ప్రశ్న: నేను ఒక ఫ్యాక్టరీలో భద్రతా విభాగం చూస్తున్నాను. కార్మికుల శిక్షణకు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు కొందామంటే యాజమాన్యం "వీడియో చూపిస్తే సరిపోదా?" అంటోంది. ఏమని ఒప్పించను?

జవాబు: నేను ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. మొదట తెల్లబోర్డు మీద బొమ్మలు గీసి చెప్పేవాణ్ని, ఇప్పుడు హెడ్‌సెట్లతో చెబుతున్నాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

యంత్రాన్ని ఆపి తాళం వేసే 'లాకౌట్' పాఠం తీసుకోండి. యంత్రంలో చెయ్యి పెట్టే ముందు కరెంటు ఆపాలి, స్విచ్‌కి తాళం వెయ్యాలి, తన పేరున్న ట్యాగ్ తగిలించాలి. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి, యంత్రం నిజంగానే చచ్చిందని చూసుకోవాలి. ఈ ఆఖరి మెట్టునే ఎగ్గొడతారు. రాతపరీక్షలో అందరూ సరిగ్గానే రాస్తారు, ఎందుకంటే ప్రశ్నే దాన్ని గుర్తుచేస్తుంది. యంత్రం పక్కన గుర్తుచేసేవాళ్లుండరు.

ఒకసారి బాగా అనుభవమున్న ఆపరేటర్ ఒకాయన హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. చకచకా తాళం వేశాడు, ట్యాగ్ తగిలించాడు, నేరుగా కన్వేయర్ రోలర్ల మధ్యకి చెయ్యి పోనిచ్చాడు. ఆయన తాళం వేసింది పక్క లైను స్విచ్‌కి. రోలర్ తిరిగింది. చెయ్యి ఒక్క ఉదుటున వెనక్కి లాక్కున్నాడు. హెడ్‌సెట్ నుదుటి మీదకి జరుపుకుని తన అరచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. ఒక్క మాటా మాట్లాడకుండా మళ్లీ పెట్టుకుని, ఈసారి తాళం వెయ్యగానే స్టార్ట్ బటన్ నొక్కాడు. ఏ వీడియో ఆ పని చేయించగలదో మీ యాజమాన్యాన్ని అడగండి.

గతం నుంచి రుజువులు కావాలంటే ఉన్నాయి. 1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్, ఆర్గాన్ వాద్యాల్లో వాడే గాలితిత్తులతో కదిలే విమాన శిక్షణ యంత్రాన్ని తయారుచేశాడు. నేలమీదే కూర్చుని విమానం నడపడం నేర్పడం అక్కణ్నుంచి ఊపందుకుంది. 2002లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ పరిశోధనలో 16 మంది జూనియర్ సర్జన్లలో సగం మందికి వీఆర్‌లో సాధన చేయించారు. పిత్తాశయం ఆపరేషన్‌లో దాన్ని విడదీసే ఘట్టాన్ని వాళ్లు 29 శాతం త్వరగా పూర్తిచేశారు. సాధన లేనివాళ్లు పిత్తాశయానికి గాయం చెయ్యడమో, పక్క కణజాలాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువగా జరిగే అవకాశం కనిపించింది. 2018లో వాల్‌మార్ట్ అమెరికాలోని తన స్టోర్లకు 17 వేల హెడ్‌సెట్లు పంపుతున్నట్టు ప్రకటించింది.

అయితే అన్నిటికీ వీఆర్ అనకండి. సెలవుల నిబంధనలకు కాగితం చాలు. ప్రాణానికి ముప్పున్న పని, అరుదుగా వచ్చే పని, నేర్పడానికి లైను మొత్తం ఆపాల్సిన పని, ఈ మూడింటికీ అడగండి. ఆఖరి పాఠం మాత్రం అసలు యంత్రం దగ్గరే జరగాలి. వర్చువల్ వాల్వ్ చక్రానికి బరువుండదు. తుప్పుపట్టిన అసలు చక్రం తిప్పడానికి ఎంత బలం పట్టాలో భుజానికి తెలియాలి కదా. ఇంకొకటి, శిక్షణ పొందేవాళ్లకు చేతిదూరంలో మీ మనిషి ఒకరు నిలబడాలి. అక్కడ కనిపించే రెయిలింగ్ మీదకి ఒరిగి పడబోయినవాళ్లను నేను పట్టుకున్నాను.

ఖర్చు లెక్క వేసేటప్పుడు హెడ్‌సెట్ ధర ఒక్కటే చూడకండి. అసలు ఖర్చు పాఠం తయారీది. మీ కంట్రోల్ ప్యానెల్‌లో రెండు బటన్లు మారితే వర్చువల్ ప్యానెల్‌లోనూ మారాలి. లేకపోతే తప్పు నేర్పినవాళ్లమవుతాం. ఆ మార్పులు ఎవరు చేస్తారు, ఎన్ని రోజుల్లో, ఎంతకి అన్నది ముందే రాయించుకోండి. తుడిస్తే శుభ్రమయ్యే సిలికాన్ ముఖపట్టీలు అదనంగా కొనండి. ఇంకొకరి చెమట అంటిన స్పాంజ్‌ని ముఖానికి పెట్టుకోమంటే ఎవరికీ మనసొప్పదు.

ప్రశ్న: డీసెంట్రల్యాండ్ లాంటి వర్చువల్ లోకంలో స్థలం ఇప్పుడు చవగ్గా ఉందట. కొని పెట్టుకుంటే పిల్లల చదువుకి అక్కరకొస్తుందని మా వారు అంటున్నారు.

జవాబు: వద్దమ్మా. పిల్లల చదువుకి దాచిన డబ్బు దాంట్లో పెట్టకండి.

డీసెంట్రల్యాండ్‌లో 90,601 స్థలాలున్నాయి, ఒక్కోటి 16 మీటర్లు పొడవు, 16 మీటర్లు వెడల్పు. 2021 నవంబర్‌లో ఒక సంస్థ అక్కడి ఫ్యాషన్ వీధిలో సుమారు 24 లక్షల డాలర్లు పోసి కొంది. నేలమీద స్థలానికి విలువ ఎందుకొస్తుంది? రోడ్డు పక్కనుంటే నడిచి రావచ్చు, మారుమూలైతే రాలేం. డీసెంట్రల్యాండ్‌లో స్థలం గుర్తు తెలిపే అంకెలు కొడితే క్షణంలో ఎక్కడికైనా చేరిపోతాం. ఇక వీధి మొగ అయితేనేం, ఊరి చివరైతేనేం? స్థలాలు ఇన్నే అన్న హద్దు కూడా ఆ లోకానికే. పక్కన ఇంకో లోకం తెరవకుండా ఆపేవాళ్లు లేరు.

ఇలాంటి లోకాల్లో సంపాదించినవాళ్లు లేరని కాదు. సెకండ్ లైఫ్‌లో ఐలిన్ గ్రాఫ్ అనే ఆమె వాడిన 'ఆన్షే చుంగ్' అవతార్ బొమ్మ 2006లో బిజినెస్‌వీక్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆమె స్థలం కొని ఊరుకోలేదు. ముక్కలు చేసి, తీర్చిదిద్ది, అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్ల ఫిర్యాదులు విని వ్యాపారం నడిపింది. ఆ లోకంలోనే గింకో ఫైనాన్షియల్ అనే 'బ్యాంకు' పెద్ద వడ్డీలు ఆశచూపి 2007లో చేతులెత్తేసింది. మరుసటి ఏడాది జనవరిలో, ప్రభుత్వ అనుమతి పత్రం లేనివాళ్లెవరూ అక్కడ వడ్డీలిస్తామనకూడదని లిండెన్ ల్యాబ్ నిషేధించింది. అప్పటికి డబ్బు దాచుకున్నవాళ్లది పోయింది. మీవారికి ఈ సంగతులు చదివి వినిపించండి.

ప్రశ్న: మా ఆఫీసులో వారానికో మీటింగ్ హెడ్‌సెట్‌తో పెడుతున్నారు. నాకు కాసేపటికే కడుపులో తిప్పుతుంది. చెబితే నామోషీ. అలవాటవుతుందా?

జవాబు: నామోషీ ఎందుకండీ, ఇది మీ బలహీనత కాదు. కళ్లు "కదులుతున్నావు" అంటాయి, లోపలి చెవి "కదల్లేదు" అంటుంది. ఆ తగవు కడుపులో తేలుతుంది. తల తిప్పినప్పటి నుంచి బొమ్మ మారేదాకా 20 మిల్లీసెకన్లు దాటితే ఇబ్బంది ఇంకా పెరుగుతుందని ఈ రంగంలో వాళ్లంతా చెప్పే లెక్క.

జాయ్‌స్టిక్‌తో జారుతూ నడిచే పద్ధతి మీకు పడదు. సెట్టింగ్స్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్కసారిగా చేరే టెలిపోర్ట్ పెట్టుకోండి. కళ్ల మధ్య దూరం సరిచేసే మీట ఉంటుంది, అది మీ కళ్లకు తగ్గట్టు ఉందో లేదో చూడండి. కూర్చుని, ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టుకోండి. తిప్పడం మొదలవ్వగానే తీసెయ్యండి. ఓర్చుకుంటే తగ్గదు, పెరుగుతుంది. అలవాటవడం ఉంటుంది కానీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతేనే. క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్ అర కిలో పైనే ఉంటుంది, మెడ సంగతీ చూసుకోవాలి. తెర మీదే మీటింగ్‌కి వస్తానని రాతపూర్వకంగా అడగండి. నలుగురు కూర్చుని పట్టికలు చూసే మీటింగ్‌కి హెడ్‌సెట్ అసలు అవసరమే లేదని నా గట్టి అభిప్రాయం. భవనం నమూనా చుట్టూ తిరిగి చూడాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు.

ప్రశ్న: శిక్షణలో పెట్టుకున్న హెడ్‌సెట్ నా చూపు, కదలికలు కూడా రికార్డు చేస్తుందా? కంపెనీ వాటితో ఏం చేస్తుంది?

జవాబు: తల, చేతుల కదలికలు తెలియకపోతే హెడ్‌సెట్ పనే చెయ్యదు. కొన్నిట్లో చూపును కనిపెట్టే కెమెరాలూ ఉంటాయి. పేరు తీసేశాం కాబట్టి పరవాలేదంటే ఒప్పుకోకండి. 2023లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వీఆర్ ఆట ఆడిన 50 వేల మందికి పైగా మనుషుల్లో, కేవలం 100 సెకన్ల తల, చేతుల కదలికలతో ఎవరు ఎవరో 94 శాతం కచ్చితంగా పట్టుకున్నారు. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టడం మనకు తెలిసిందే, ఇదీ అలాంటిదే.

మీ కంపెనీని ఈ సంగతులు అడగండి: ఏమేం భద్రపరుస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, హెడ్‌సెట్ తయారీదారుకి ఏం వెళ్తుంది, ప్రమోషన్లలో, తొలగింపుల్లో దీన్ని వాడతారా. నేను శిక్షణ ఇచ్చేచోట పాఠం పూర్తయిందా లేదా, ఏ మెట్టు తప్పింది అన్నవి మాత్రమే ఉంచుతాం, కదలికల రికార్డు అదేరోజు చెరిపేస్తాం. మీ దగ్గరా అలాగే చెయ్యమని కోరండి. నోటిమాటగా కాకుండా, సంతకంతో కాగితం మీద తీసుకోండి.