మ్యాప్ మీద చుక్కను కాదు, షీటు మీద లేబుల్‌ను నమ్మండి

మీ ప్రశ్న: "పాత హెర్బేరియం రికార్డుల లొకేషన్లు తీసుకుని, ఎడారి కొండల్లో పెరిగే పొద ఎక్కడెక్కడ ఉందో మ్యాప్ గీయొచ్చా?"

గీయొచ్చు. కాకపోతే లేబుల్ చదివి గీయాలి. నేనుండేది అమెరికాలోని టూసాన్‌లో. సెలవు రోజుల్లో ఇక్కడి ఒక హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను షీట్లకు అంటించి, లేబుల్ రాసి దాచే చోట, పాత లేబుళ్లు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

జొజోబా సంగతి చూడండి. మనవాళ్లకు అది షాంపూ సీసా మీది పేరే. అసలైతే మా దగ్గరి సొనోరా ఎడారి కొండవాలుల్లో, రాళ్ల సందుల్లో పెరిగే పొద. అనంతపురం నుంచి పీహెచ్‌డీకి వచ్చిన ఒక అమ్మాయి ఓ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. మ్యాప్‌లో ఒక జొజోబా చుక్క మా ఊరి పక్కనున్న శాంటా కాటలీనా కొండల్లో బాగా పైన, దాదాపు మౌంట్ లెమన్ శిఖరం దగ్గర పడింది. "అన్నా, అప్పట్లో ఇది పైన కూడా ఉండేదేమో, తర్వాత పోయిందేమో" అంది. ఆ శిఖరం ఎత్తు సుమారు 2,790 మీటర్లు. పైనంతా పైన్ అడవి, చలికాలం మంచు. జొజోబా మహా అయితే 1,500 మీటర్ల దాకా ఎక్కుతుంది. గట్టి మంచుకు దాని మొగ్గలు మాడిపోతాయి.

బీరువాలోంచి షీటు తీయించాను. గోధుమరంగు తిరిగిన కొమ్మ, దళసరి ఆకులు ఎదురెదురుగా. సేకరించినాయన ఒక ఆకును అడుగుభాగం కనిపించేలా తిప్పి అంటించాడు. మూలన కాగితం పొట్లంలో రాలిన గింజలు. లేబుల్ మీద సిరాతో "శాంటా కాటలీనా కొండలు, రాతి వాలు", అంతే. తర్వాత ఎవరో ఆ కొండల పేరును సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, అది కొండల వరస మధ్యలో ఒక పాయింటు పెట్టేసింది. అక్షాంశ, రేఖాంశాల్లో దశాంశం తర్వాత ఐదు అంకెలు, అంత కచ్చితంగా తెలిసినట్టు! ఎన్ని కిలోమీటర్లు అటూ ఇటూ కావొచ్చో రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తెలియనప్పుడు గడి ఖాళీగా వదలాల్సింది లొకేషన్‌లో, అనుమానం రాసే చోట కాదు.

ఊరు తప్పు పడితే ఎంత కాలం వెంటాడుతుందో కూడా ఈ మొక్కే చెప్తుంది. 1822లో లింక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని చైనా మొక్కగా వర్ణించాడు. లేబుల్ మీద కాలిఫోర్నియాకు రాసిన పొట్టి రూపాన్ని చైనాగా చదివారని అంటారు. ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యం కాబట్టి, చైనాలో పుట్టని ఈ పొద శాస్త్రీయ నామం ఇప్పటికీ సిమాండ్సియా చైనెన్సిస్సే, అంటే 'చైనాది' అనే.

ఇప్పటివాళ్ల మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా అని అంకెలు కొట్టి ఊరుకుంటున్నారు. వాలు ఏ దిక్కుకు ఉంది, నేల ఎలాంటిది, పక్కన ఏం పెరుగుతోంది, ఒక్క ముక్క ఉండదు. జొజోబాలో ఆడ, మగ పొదలు వేరువేరు. పూత లేని కొమ్మ తెచ్చి అది ఆడదో మగదో రాయకపోతే తర్వాత చెప్పేవాడు ఉండడు. ఆకులు ఎండను తప్పించుకోడానికి నిలువుగా నిలబడతాయి, ఎండబెట్టడానికి ప్రెస్‌లో పెట్టి నొక్కితే అదీ పోతుంది. ఆ పాత షీటు మీది "రాతి వాలు" అన్న రెండు మాటలే ఆ రోజు చుక్క తప్పన్న మా అనుమానానికి బలమిచ్చాయి.

మీ పనిలో లొకేషన్ అనుమానం గడి ఖాళీగా ఉన్న రికార్డులన్నీ ముందు పక్కన పెట్టండి. వాటిలో షీటు ఫోటో ఉన్నవాటి లేబుళ్లు మీ కళ్లతో చదివి, అప్పుడు వెనక్కి తెచ్చుకోండి.