‘మాతా హరి’లో మాత లేదు, హరి లేడు

సందేహం: గూఢచారిణిగా పేరుపడిన ‘మాతా హరి’ పేరు సంస్కృత సమాసమా? తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: సంస్కృతం కాదు, మలయ్ (మలేసియా, ఇండొనేసియా ప్రాంతపు భాష). ‘మత’ అంటే కన్ను, ‘హరి’ అంటే పగలు, కలిపితే సూర్యుడు. మలయ్‌లో ప్రధానపదం ముందుంటుంది కనుక తిరగేసి ‘పగటి కన్ను’ అని విప్పాలి. సూర్యుణ్ని లోకానికి కన్ను అనే మన ‘జగచ్చక్షువు’ గుర్తొస్తుంది గానీ దాని పుట్టుక వేరు. జావాలో కొన్నేళ్లున్న డచ్ మహిళ మార్గరేతా జెల్లె 1905లో పారిస్‌లో హిందూ ఆలయ నర్తకిగా చెప్పుకుని ఈ పేరుతో వేదికెక్కింది. అపోహకు అదీ ఊతమిచ్చి ఉంటుంది.

‘మత’ సంస్కృతం నుంచి రాలేదనడానికి, అవయవాల పేర్లు ఎరువు తెచ్చుకోరన్న వాదం పనికిరాదు. మలయ్‌లో తల ‘కెపాల’, మొహం ‘ముక’. రెండూ మన కపాలం, ముఖమే! అసలు రుజువు సంస్కృతం అడుగుపెట్టని దీవుల్లో ఉంది. సమోవాలో, ఫిజీ భాషలో కన్ను ‘మత’. హవాయిలో ‘మక’, అక్కడ పాత ‘త’ అంతటా ‘క’ అయింది, న్యూజిలాండ్‌లోని మావోరి భాషలో ‘తపు’ (నిషిద్ధం) హవాయిలో ‘కపు’ అయినట్టే. తైవాన్‌లోని పైవాన్ భాషలో ‘మత్స’. ఇలా ధ్వనులు వరస తప్పకుండా మారితేనే చుట్టరికం. గ్రీకులోనూ కన్ను ‘మాతి’యే, కానీ అది ‘ఒమ్మాతియొన్’ అనే పాత మాటకు తల తెగి మిగిలిన మొండెం. వట్టి కాకతాళీయం.

‘నెమలి కన్ను’, ‘కొబ్బరికాయ కళ్లు’, ‘మూడు కళ్ల చెరకు ముచ్చె’ అనే మనకు ఈ మాట విస్తరణ వింత కాదు. ఇండొనేసియన్‌లో ‘మత ఆయిర్’ (నీటి కన్ను) అంటే ఊట, ‘మత కాకి’ (కాలి కన్ను) అంటే చీలమండ, ‘మత పిసౌ’ అంటే కత్తి అలుగు. ‘మత-మత’ అంటే గూఢచారి! అయితే గూఢచర్యం అభియోగం కన్నా ఆమె రంగస్థల నామమే ముందుది. దూరాన మడగాస్కర్‌లోనూ సూర్యుడు పగటి కన్నే: ‘మసుఆండ్రు’. ‘మసు’ కన్ను, ‘ఆండ్రు’ పగలు.

ఇక రాత సంగతి. మలయ్‌లో హ్రస్వ దీర్ఘ భేదం లేదు, పైగా ఇది ఒకే మాట. సూర్యుడనే అర్థంలో ‘మతహరి’ అని కలిపి రాయండి. ఆమె పేరుగా ‘మాతా హరి’ పత్రికల్లో స్థిరపడింది, ఉండనివ్వవచ్చు. ‘మాతాహరీదేవి’ మాత్రం వద్దు.