అత్యవసర నిధి ఖాళీ చేసి జాగ్వార్ కొంటారా?

ప్రశ్న: నా వయసు 36. భార్య, నాలుగేళ్ల పాపతో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉంటున్నాను. స్కిల్డ్ వర్కర్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. ఇంటి ఖర్చు నెలకు 2,600 పౌండ్లు, పొదుపు 9,000 పౌండ్లు. 1973 నాటి జాగ్వార్ ఈ-టైప్ 2+2 (వెనక రెండు చిన్న సీట్లుండే రకం) స్పోర్ట్స్ కారు 39,000 పౌండ్లకు అమ్మకానికి వచ్చింది. పొదుపు సొమ్ముకు 30,000 పౌండ్ల పర్సనల్ లోన్ (9 శాతం వడ్డీ, 5 ఏళ్లు) కలిపి కొందామనుకుంటున్నాను. లాభం మీద పన్ను ఉండదట. గ్యారేజీ అద్దె, బీమా, సర్వీసింగ్ కలిపి ఏడాదికి 2,600 పౌండ్లు అవుతాయని అంచనా. అయిదేళ్ల తర్వాత అమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనాలని ఆలోచన. ఆదివారం 500 పౌండ్లు అడ్వాన్స్ ఇవ్వాలి. ఇవ్వమంటారా?

జవాబు: వద్దు. కారు మంచిది కాదని కాదు. ఈ-టైప్ పుట్టింది మీ ఊళ్లోనే, బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో. దాని మీద మనసు పడటం సహజం. కానీ ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కారు బదులు స్థలమో బంగారమో ఉంటుంది, పొరపాటు మాత్రం ఒకటే. ఉన్న కాస్త పొదుపూ ఊడ్చి, పైన అప్పు చేసి, దానికి పెట్టుబడి అని పేరు పెట్టడం.

ముందు మీ పొదుపు సంగతి చూద్దాం. 9,000 పౌండ్లు మీ ఇంటికి మూడున్నర నెలల ఖర్చు. కారు కొన్న రోజున అది సున్నా అవుతుంది. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీపడే కంపెనీని వెతుక్కోవడానికి మీ వీసాపై సాధారణంగా దొరికేది 60 రోజులే. రెండేళ్ల సర్వీసు నిండలేదు కాబట్టి చట్టప్రకారం రిడండెన్సీ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే) పరిహారం రాదు. చాలా ప్రభుత్వ సాయాలు ఈ వీసాకు వర్తించవు. జబ్బు చేస్తే చట్టబద్ధంగా వచ్చే సిక్ పే వారానికి సుమారు 120 పౌండ్లు. మీరు కట్టాల్సిన ఈఎంఐ నెలకు దాదాపు 623 పౌండ్లు. పాపను, భార్యను పెట్టుకుని ఆ 60 రోజులు ఎలా గడుపుతారు? ముగ్గురికీ ఇండియాకు టికెట్లు కొనాల్సి వచ్చినా డబ్బు ఈ నిధిలోంచే రావాలి. స్థానికులకు ఆరు నెలల ఖర్చు చాలని చెబుతాను. వీసా మీద ఉన్నవాళ్లకు తొమ్మిది నెలలది కావాలి. అంటే మీకు 23,400 పౌండ్లు.

ఇక మీ లెక్క. అయిదేళ్లలో వడ్డీ సుమారు 7,400, మీరే వేసిన నిర్వహణ ఖర్చు 13,000. అసలుతో కలిపితే 59,400 పౌండ్లు. నష్టం లేకుండా బయటపడాలంటేనే కారు ధర ఏటా దాదాపు 9 శాతం పెరగాలి. వేలంలో అమ్మితే కమీషన్ అదనం.

అంత పెరుగుతుందా? 1980ల చివర్లో ఈ-టైప్ ధరలు ఆకాశాన్నంటాయి. 1990ల మొదట్లో కుప్పకూలాయి. అప్పు చేసి కొన్నవాళ్లు ఏళ్ల తరబడి కోలుకోలేదు. తర్వాత వడ్డీలు అడుగంటిన కాలంలో మళ్లీ పెరిగాయి. 2021 డిసెంబర్ మొదట్లో 0.1 శాతం ఉన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2023 ఆగస్టుకు 5.25కు చేరేసరికి ఆ ఊపు తగ్గింది. పైగా 1960ల్లో ఈ కార్లను చూసి కలలుగన్న తరం ఇప్పుడు 70లు దాటింది. వాళ్ల కార్లు అమ్మకానికి వస్తున్నాయి. కుర్రాళ్లేమో 80ల, 90ల కార్లు అడుగుతున్నారు. ఈ-టైప్‌లలోనూ గిరాకీ ఎక్కువ 1961 నాటి తొలి కార్లకు, ఓపెన్ టాప్‌లకు. అన్నిటికన్నా తక్కువ ధర పలికేది మీరు చూసిన 2+2 రకమే.

పన్ను మాట నిజమే. కార్ల మీద లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. అలాగే నష్టాన్ని చూపించి వేరేచోట పన్ను తగ్గించుకోవడమూ కుదరదు.

నా క్లయింట్ ఒకాయన ఇలాగే అప్పు చేసి ఎంజీబీ అనే పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎర్రటి పెయింట్, అద్దంలా మెరుస్తోంది. 40 ఏళ్లు దాటిన కారుకు ఎంఓటీ (బండి భద్రంగా ఉందో లేదో ఏటా చేసే తనిఖీ) తప్పనిసరి కాదు కదా అని చేయించలేదు. నేను వెళ్లి తలుపు కిందుండే సిల్ అనే అంచు మీద అయస్కాంతం పెడితే జారి కిందపడింది. పెయింట్ కింద ఉన్నది ఇనుము కాదు, తుప్పు కన్నాలను పూడ్చే ఫిల్లర్ ముద్ద. కార్పెట్ ఎత్తితే కారు ఫ్లోర్‌లోంచి గ్యారేజీ నేల కనిపించింది. వెల్డింగ్ సగంలో ఉండగా ఆయన ఉద్యోగం పోయింది. వెల్డింగ్ షాపులో సగం విప్పిన కారును ఎవరు కొంటారు? వచ్చినకాడికి అమ్మారు. అప్పు మాత్రం మూడేళ్లు కట్టారు. ఆయన ముందు కొంత నిధి పక్కన పెట్టుకుని ఉంటే ఆ కారు ఇవాళ ఆయన దగ్గరే ఉండేది. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లోన్ రాకపోతే కారునే తాకట్టు పెట్టే లాగ్‌బుక్ లోన్‌కు వెళ్లొచ్చని ఎవరైనా చెబితే వినకండి. అందులో వడ్డీ ఘోరం. వాయిదా తప్పితే కారే పట్టుకుపోతారు. ఫ్లాట్ కోసమైతే ఐసాలో (రాబడి మీద పన్ను పడని ఖాతా) నెలనెలా వేయండి. మీ పేర టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఆ 9,000 పౌండ్లను ఎప్పుడైనా తీసుకోగల పొదుపు ఖాతాలో ఉంచి, ఈఎంఐ కింద కడదామనుకున్న 623 పౌండ్లను నెలనెలా అందులోనే వేయండి. రెండేళ్లలో 23,400 దాటుతారు. అప్పుడు అప్పు లేకుండా, మీ సరదాకు సరిపడే ఎంజీబీని చూద్దాం. అయస్కాంతం నేనే తెస్తాను. ఆదివారం వెళ్లి జాగ్వార్‌ను నడిపి చూడండి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో దిగండి. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.