కాండిన్‌స్కీ చిత్రాల్లో నిజంగా ఏమైనా ఉందా?

వస్తువుల రూపాలేవీ పోల్చుకోలేని నైరూప్య చిత్రాల్లో నిజంగా ఏమైనా ఉంటుందా, లేక తోచినట్టు గీసిన గీతలకు రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరు తగిలించి గొప్పవంటున్నారా అని అడిగారు. ఉద్యోగరీత్యా జర్మనీలోని మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో అక్కడి లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియానికి తరచుగా వెళ్ళేవాణ్ణి కనుక, ఆ పరిచయంతో ఒక మాట చెప్పగలను: ఆయన చిత్రాలను వేసిన వరుసలో చూస్తే ఆ అనుమానం చాలావరకు తీరిపోతుంది.

మాస్కోలో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం చదివిన వాసిలీ కాండిన్‌స్కీ, చేతికందిన అధ్యాపక పదవిని కాదనుకుని, 1896లో ముప్పయ్యేళ్ళ వయసులో చిత్రలేఖనం నేర్చుకోవడానికి మ్యూనిక్ వచ్చారు. 1908 నుంచి చిత్రకారిణి గాబ్రియెల్ మ్యుంటర్‌తో కలిసి ఆల్ప్స్ కొండల దాపున ఉన్న ముర్నావ్‌లో వేసిన చిత్రాల్లో ఇళ్ళూ, చర్చి గోపురమూ, చెట్లూ ఇంకా ఆనవాలు పట్టగలిగేలాగే ఉంటాయి. రంగులు మాత్రం అప్పటికే వస్తువుల అదుపు తప్పాయి.

1911 జనవరిలో స్వరకర్త షోన్‌బర్గ్ సంగీత కచేరీ విని వచ్చిన వెంటనే వేసిన ‘ఇంప్రెషన్ 3’ ముందు నేను ఎక్కువసేపు నిలబడేవాణ్ణి. మొదట కంటిని కమ్మేసేది పసుపు రంగే. దాని పైన ఉన్న నల్లటి ఆకారం పియానో అనీ, ఎడమవైపు కింద ముందుకు వంగినట్టున్న రంగు మరకలు శ్రోతలనీ కాస్త నిదానించాక గాని తెలియదు. అది తెలిశాక కూడా చూపు మళ్ళీ పసుపు దగ్గరికే పోతుంది, ఎందుకంటే ఆయన వేయదలచుకున్నది హాలును కాదు, అందులో నిండిన నాదాన్ని.

ఆ ఏడాది చివర, తాను సభ్యుడిగా ఉన్న కళాకారుల సంఘం ‘కాంపొజిషన్ 5’ను కొలత మించిందన్న సాకుతో తిరస్కరించగా (అసలు అభ్యంతరం కొలత గురించి కాదు, చిత్రం మరీ నైరూప్యంగా ఉందనే), ఆయన చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్‌తో కలిసి బయటికి వచ్చి ‘బ్లూ రైడర్’ పేరిట వేరే ప్రదర్శన పెట్టారు. ఇక తోచినట్టు గీయడం అంటారా, 1913 నాటి ‘కాంపొజిషన్ 7’ను నాలుగు రోజుల్లో పూర్తిచేసిన మాట నిజమే కానీ, అంతకుముందు దానికోసం వేసుకున్న చిత్తులూ నమూనాలూ ముప్పైకి పైనే ఉన్నాయి.

నైరూప్య చిత్రాలు వేసినవారిలో ఆయనే మొట్టమొదటివారనే వాదనను మాత్రం నేను ఒప్పుకోను. స్వీడన్‌లో హిల్మా అఫ్ క్లింట్ అనే చిత్రకారిణి 1906 నాటికే ఇటువంటి చిత్రాలు వేశారు, కాకపోతే ఆవిడ వాటిని లోకానికి పెద్దగా చూపలేదు. కాండిన్‌స్కీ చిత్రాలు త్వరగానే దేశాలు దాటాయి, 1922 డిసెంబరులో కలకత్తాలో కూడా ప్రదర్శించారు.

నాజీల కాలంలో మ్యుంటర్ తన ముర్నావ్ ఇంట్లో దాచి కాపాడిన చిత్రాలను 1957లో లెన్‌బాఖ్‌హౌస్‌కు ఇచ్చేయడం వల్లనే ఈ వరుసలో చాలా భాగం అక్కడ ఒకేచోట దొరుకుతుంది. అంత దూరం వెళ్ళలేకపోతే ఇంటర్నెట్‌లోనైనా ముర్నావ్ చిత్రాలు నాలుగైదు చూసి, ఆపైన ‘ఇంప్రెషన్ 3’ తెరవండి. ‘కాంపొజిషన్ 7’తో మాత్రం మొదలుపెట్టకండి.